రెండువందల ఎనభై ఏడో రోజు

గంట టైమిచ్చాడు. తన జేబులోంచి తీసి దానం చేసినట్టు. "ఆలోచించుకోండి లెక్చరర్ గారూ, తొందరేం లేదు. సంతకం పెట్టండి, మీ సీసా మీరు పట్టుకెళ్ళండి" అని ఎస్సై మోటారు సైకిలెక్కి మెట్‌పల్లి వైపు వెళ్ళిపోయాడు. నేను ఈ ఠాణా వరండాలో చెక్కబల్ల మీద. ఏ ఊరి ఠాణా అంటే ఏం చెప్పను, కోరుట్లకూ జగిత్యాలకూ నడుమ రోడ్డు పక్కన ఉంది, చుట్టూ ఇసుక బస్తాలు, ముళ్ళతీగ, ఈ ఎనభై ఎనిమిదిలో అన్ని ఠాణాలూ ఇలాగే ఉన్నాయి. గోడ గడియారంలో పదకొండు. కిటికీలోంచి ఎస్సై బల్ల కనిపిస్తోంది, బల్ల మీద నా గాజు జాడీ, జాడీలో నా జాలీముక్క. పొద్దున ఎనిమిదింటికి నా గదికి వచ్చి తీగలు పీకారు. రెండువందల ఎనభై ఏడు రోజుల్లో మొదటిసారి అందులో బుడగలు లేవు. జాలీ మునిగి ఉన్నంతసేపు పరవాలేదు, పూత తడిగా ఉంటే బతికే ఉంటుంది, గాలికి ఎండితే ముడుచుకుని పెళ్ళలు పెళ్ళలుగా లేస్తుంది. మునిగే ఉంది. ఇంకా మునిగే ఉంది. ఇంటికి తీసుకుపోయి తీగలు తగిలిస్తే చాలు, కొన్ని గంటలు కరెంటు పోయిందని రాసుకుంటాను, అంతే.

కాగితం నా ఒళ్ళో ఉంది. వాళ్ళే రాశారు. దస్తూరి ముత్యాల్లా ఉంది, హైస్కూల్లో బహుమతి తెచ్చుకున్న చెయ్యి అయ్యుంటుంది. 'మా కాలేజీ ల్యాబ్ అటెండరు ఎల్లేశం నాకు తెలియకుండా యాసిడ్లు, వైర్లు, బ్యాటరీలు బయటికి చేరవేస్తున్నాడని నాకు చాలాకాలంగా అనుమానం ఉన్నది.' నాకు అనుమానం ఉన్నదట! నా అనుమానం నాకంటే ముందు వీళ్ళకు తెలిసింది. కింద నా పేరు కూడా రాసి పెట్టారు, ఊర్మిల, కెమిస్ట్రీ లెక్చరర్, సంతకం ఒక్కటే బాకీ. ఎల్లేశం యాభై ఏళ్ళ మనిషి, మేడిపల్లి, తాతల నాటి నుంచి గుంటెడు భూమి లేని ఇల్లు. వారానికోసారి లారీ బ్యాటరీ సైకిలు వెనక కట్టుకుని ఛార్జింగు షాపుకు తీసుకుపోతాడు, ఎందుకంటే మా కరెంటు ఎప్పుడు పోతుందో దేవుడికి కూడా తెలియదు, కరెంటు పోయినా జాడీ ఆగకూడదు. ఈ పొద్దున చెకింగులో ఆపారు. బ్యాటరీ, తీగలు, సైకిలు, మేడిపల్లి. నాలుగూ కలిపితే వాళ్ళ లెక్కలో మందుపాతర వచ్చింది. ఎవరిదిరా అంటే "మా మేడందే సార్, నీళ్ళల్ల నుంచి గ్యాసు తీస్తది" అన్నాడట. నిజం చెప్పాడు పాపం. నిజం ఎవరికి కావాలి? ఇప్పుడు వెనక గదిలో ఉన్నాడు, చప్పుడు లేదు. చప్పుడు లేకపోవడం మంచిదో చెడ్డదో ఈ రోజుల్లో ఈ వైపు ఎవరూ చెప్పలేరు.

ఇదేమిటని నిజంగా తెలుసుకోవడానికి అడిగితే చెప్పేదాన్ని కదా. అడగరు. అరచెయ్యంత ఇనుప జాలీ, దాని మీద నల్లటి పూత. నీళ్ళలో కాస్టిక్ సోడా కలిపి కరెంటు పంపితే నీళ్ళు విడిపోయి హైడ్రోజన్ వస్తుంది, పదో తరగతి పిల్లలు కూడా చెబుతారు. కానీ ఉత్త ఇనుము పెడితే నీళ్ళు మొండికేస్తాయి, కరెంటు వృథాగా వేడికి పోతుంది. ప్లాటినం పెడితే ఇట్టే మాట వింటాయి. పుస్తకాల్లో దాన్ని ఉత్ప్రేరకం అంటారు, తాను కరగకుండా పని జరిపించేది. ప్లాటినం! మా వాడకట్టులో బంగారమే పెళ్ళిలో ఒకరోజు మెరిసి మళ్ళీ కుదువకు పోతుంది. మూడేళ్ళ కింద హైదరాబాదులో ఒక పెద్ద ప్రొఫెసర్ దగ్గరికి పోయి, సైకిల్ హ్యాండిళ్ళకు పూత పూసే షాపువాళ్ళు పారబోసే నీళ్ళలోంచి నికెల్ తీశాను సార్, ఇనుము కలిపి పూత పూశాను సార్ అని చూపిస్తే, ఆయన నా జాలీ వైపు కాదు, నా చెప్పుల వైపు చూశాడు. "చవక సరుకంతా పది రోజుల్లో రాలిపోతుందమ్మా. ఆగకుండా మూడువందల రోజులు నడిపి తీసుకురా, అప్పుడు చూద్దాం." ఆయన చూద్దామన్నది పంపించడానికని నాకు తెలుసు. అయినా ఆ మాట పట్టుకున్నాను. కిందటేడు మిరుగు కార్తె ముందర, తొలకరి వానలు పడకముందే మొదలుపెట్టాను. ఇంకా పదమూడు రోజులు. పదమూడంటే పదమూడే.

ఎందుకే ఇదంతా అని నా తోటి లెక్చరర్లు నవ్వుతారు, పెళ్ళి చేసుకోక ఈ పిచ్చేమిటని. సిరిసిల్లలో మా అమ్మ సత్యవ్వ నలభై ఏళ్ళు గంజి కాచింది. తెల్లవారకముందే పొయ్యి రాజేసి, తుమ్మ మొద్దులు, తడి కట్టెలు, ఏవి దొరికితే అవి, ఊది ఊది, ఆ పొగలో నిలబడి గంజి గిలక్కొట్టి, వీధి పొడుగునా పరిచిన పడుగు దారాలకు పూసేది. ఇప్పుడు ఆమెకు నా ముఖం మధ్యలో ఒక మచ్చలా కనిపిస్తుందట, చుట్టూ ఉన్నది కనిపిస్తుందట. రాత్రంతా దగ్గుతుంది. నేను బీఎస్సీలో మొదటిసారి హైడ్రోజన్ మంట చూసినప్పుడు అందరూ అది పేలే చప్పుడుకు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ మంటకు పొగ లేదు. పట్టుకున్న గాజు పలక మీద మసి కూడా లేదు, చెమ్మ ఉంది. నీళ్ళలోంచి వచ్చి మళ్ళీ నీళ్ళయింది. ఇంతకాలం ఈ సంగతి మా అమ్మకు ఎవరూ ఎందుకు చెప్పలేదని ఆ రోజు హాస్టల్లో ఏడ్చాను. దుఃఖంతో కాదు, కోపంతో. ఆ కోపమే ఈ జాలీ.

"నీళ్ళు తాగుతరా మేడం?" హెడ్ కానిస్టేబుల్ రాజనర్సు. రిటైరు కావడానికి ఏడాదో రెండేళ్ళో ఉంది, మీసాలు తెల్లబడ్డాయి. పొద్దున నా గదిలో జాడీ ఎత్తింది ఈయనే, మిగతావాళ్ళలా గుంజకుండా పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తాడు, అది గుర్తుంది. "మీది సిరిసిల్లనట గద. మాది గూడ గదే. మా నాయిన మగ్గం నేసిండు." గ్లాసు అందుకున్నాను. తాగలేదు. "నిజం జెప్పున్రి మేడం, గా జాలీకి నల్లగ పట్టింది ఏంది?" నాకు విసుగు ముంచుకొచ్చింది. మూడు గంటల్లో ఇది ఎన్నోసారి! నికెల్, ఇనుము అని చెబితే మళ్ళీ ఇనుపముక్కలు ఎవరికోసం అంటారు. "గంజి. మా అమ్మ గాసిన గంజి. గంజిల మందు గలిపి జాలీకి పూసి కుంపట్ల మాడ్చిన. మాడిన గంజి, అంతే. బాంబు గాదు" అన్నాను. ఆయన నోరు తెరిచి, తర్వాత మెల్లగా నవ్వాడు. "మాడిన గంజా! గీ మాడిన గంజికా పొద్దటి నుంచి గింత లొల్లి?" లోపలికి పోయి జాడీని రెండు చేతులతో ఎత్తాడు. "సారు బల్ల మీద ఉండద్దన్నడు. ఎనుక నీడకు పెడ్త. మీరు భయపడకున్రి బిడ్డా, నేను జూస్కుంట." బిడ్డా అన్నాడు. ఈ ఠాణాలో ఆ మాట వింటాననుకోలేదు. "పైలం, గా నీళ్ళు చేతులకు తాకితే కాల్తయి" అని మాత్రం అరిచి చెప్పాను. తలూపి వెనక్కి వెళ్ళిపోయాడు. బల్ల మీద జాడీ అడుగు మిగిల్చిన తడి గుండ్రం ఒకటి కనిపిస్తోంది.

మాడిన గంజి అని ఊరికే అన్నాను గానీ అబద్ధమేం కాదు. మొదట పదకొండు జాలీలు పాడయ్యాయి. నోటుబుక్కులో వరసగా గళ్ళు గీసి పెట్టాను, ఎన్ని రోజులు నడిచింది, ఎందుకు ఆగింది. ఆరు రోజులు, పూత రాలింది. పదకొండు, పూత రాలింది. తొమ్మిది, పూత రాలింది. పదకొండు వరసల్లోనూ అదే మాట, రాసేటప్పుడు ప్రతిసారీ ఆ ప్రొఫెసర్ నవ్వు వినిపించేది. ఒక ఆదివారం జగిత్యాలలో బస్సు మారి సిరిసిల్ల పోతూ పాడైన ముక్క ఒకటి సంచీలో వేసుకుపోయాను. అమ్మ దాన్ని వేళ్ళతో తడిమింది, కళ్ళతో పనిలేదు ఆమెకు. "గింత మందం పూస్తరా ఎవ్వలన్న? దారమైతే గీ పాటికి పెళ్ళలు లేసు. పల్సగ పెట్టు. ఒక్క దిక్కే దువ్వు, ఎదురు దువ్వితే పోగు లేస్తది. నీడకు ఆరనియ్యి. ఆరినంక మల్ల పెట్టు." అంతే. నాలుగు మాటలు. నికెల్, ఇనుము మందును గంజిలో కలిపి, అమ్మ పాత కుంచెతో, ఒక్క వైపే, పలచగా, పద్నాలుగుసార్లు, ప్రతిసారీ నీడలో ఆరబెట్టి, చివర కుంపట్లో కాల్చాను. గంజి కాలిపోయి సన్నటి ఖాళీలు వదిలింది, నీళ్ళు ఆ ఖాళీల్లోకి దూరి లోపలి నుంచి బుడగలుగా వచ్చాయి. సిరిసిల్ల నిండా ఇప్పుడు పవర్‌లూములు, పడుగుకు గంజి మిషన్లు పెడుతున్నాయి, అమ్మ చేతి పని ఎవరికీ అక్కర్లేదు. నా జాలీకి అక్కరకొచ్చింది. పన్నెండో వరస అది. ఆ వరసలో రెండు గళ్ళూ ఇంకా ఖాళీగానే ఉన్నాయి.

వెనకవైపు ఎవరో గిన్నెలు తోముతున్నారు. గర, గర, గర. ఠాణా వాళ్ళకు మధ్యాహ్నం వంట కాబోలు. ఆ చప్పుడు వింటే కొంచెం ప్రాణం కుదుటపడింది, ఇక్కడ కూడా మనుషులు తింటారు, గిన్నెలు తోముతారు, ఎల్లేశానికి కూడా ఇంత పెడతారేమో. బయట రోడ్డు మీద పసుపు బస్తాల ఎడ్లబండ్లు పోతున్నాయి, గాలిలో ఉడికిన పసుపు వాసన. గోడకు వరసగా ఫొటోలు అంటించారు, వాళ్ళు వెతుకుతున్న పిల్లలవి. మూడోవాడు హన్మండ్లు, నా దగ్గర ఇంటర్ చదివాడు, లెక్కలు బాగా చేసేవాడు. అడవిలోకి పోయాక ఒకసారి మిట్టమధ్యాహ్నం నా గదికి వచ్చాడు, లుంగీ కట్టుకుని, కూలివాడిలా. జాడీ వైపు చాలాసేపు చూశాడు. నాకెంత సంబరమైందో, నా దగ్గర చదివినవాడు బుడగలు చూస్తున్నాడని. "మేడం, గిది పేలుతదా?" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. "పేలుతది. పొయ్యి మీది కుక్కర్ గూడ పేలుతది. ఎన్నొద్దులు నడుస్తది మేడం అని అడుగురా" అన్నాను. "జనానికి గిప్పుడు గావల్సింది గది గాదు మేడం" అని తల వంచుకుని వెళ్ళిపోయాడు. ఈ పొద్దున ఎస్సై నా గదిలో అడుగు పెట్టి అడిగిన మొదటి మాట ఏమిటి? "ఇది పేలుతుందా?" అదే మాట! ఇతను అతన్ని చంపడానికి తిరుగుతున్నాడు, అతను ఇతన్ని చంపడానికి తిరుగుతున్నాడు, నా జాడీ ముందుకొచ్చేసరికి ఇద్దరూ ఒక తల్లి కన్న బిడ్డల్లా ఒకటే ప్రశ్న. జనం జనం అంటారు, శాంతి భద్రతలంటారు, పొయ్యి ముందు కూర్చునే ఆడదాని కళ్ళ గురించి ఒక్కడికీ పట్టదు. నాకు పనికొచ్చే ప్రశ్న వేసింది నా జన్మలో ఒక్క మనిషే. గ్యాసు, మంట, పొగ ఉండదు అని నేను చెప్పుకుపోతుంటే అంతా విని అమ్మ అంది, "మంట సంగతి సరే. గీ పూత ఎన్నొద్దులుంటది బిడ్డా?" చీర నేసినవాళ్ళు అడిగే ప్రశ్న. ఎన్నాళ్ళు కడుతుంది, ఎన్ని ఉతుకులు ఆగుతుంది. తెలుసుకొని చెబుతానన్నాను. మూడువందలు దాటినంక చెబుతాను అమ్మా అన్నాను.

పన్నెండుకు పది నిమిషాలు. గర, గర. ఇంకా తోముతూనే ఉన్నారు, ఎంత మాడిందో ఏమో. సంతకం పెడితే? దాచుకోవడమెందుకు, ఆ ఆలోచన వచ్చింది. ఒక్క గీత. జాడీ ఒళ్ళో పెట్టుకుని పన్నెండున్నర బస్సెక్కితే ఒంటిగంటకు తీగలు తగిలించవచ్చు. ఎల్లేశాన్ని తర్వాత ప్రిన్సిపాల్‌తో చెప్పించి విడిపించుకోవచ్చు. విడిపించుకోవచ్చా? ఎవరిని విడిపించారు ఇంతవరకు? నాకు టైఫాయిడ్ వచ్చి సిరిసిల్లలో పడి ఉంటే ఇరవై రెండు రోజులు జాడీలో నీళ్ళు తగ్గకుండా పోసింది ఎల్లేశం. గోడ మీద సుద్దముక్కతో రోజుకో గీత గీశాడు. ఒకరోజు వానకు మేడిపల్లి దారిలో వాగు పొంగితే సైకిలు నెత్తి మీద పెట్టుకుని దాటాడు, నీళ్ళు తగ్గితే జాలీ బయటపడి ఎండుతది గద మేడం అన్నాడు. అది అతనికి నేను చెప్పలేదు, చూసి తెలుసుకున్నాడు. ఆ మనిషిని అమ్మి ఈ జాలీ తెచ్చుకుంటే అది ఎన్ని రోజులు నడిస్తే మాత్రం ఏంటి? ఎవరికి చూపించను? అమ్మ వేళ్ళతో తడిమి కనుక్కోదూ? ఛీ. నామీద నాకే అసహ్యం వేసింది, నన్నిక్కడికి తెచ్చి ఇలాంటి లెక్క వేయించినందుకు వీళ్ళ మీద అంతకు పదింతలు వేసింది. కాగితం తిరగేశాను. వెనకవైపు నా దస్తూరిలో రాశాను. బ్యాటరీ నాది. తీగలు నావి. జాడీ నాది. ఎల్లేశం మోసినవన్నీ నేను చెబితే మోసినవే. కింద సంతకం పెట్టాను, తేదీ వేశాను.

మోటారు సైకిలు వచ్చి ఆగింది. ఎస్సై నా ముందు నుంచి లోపలికి వెళ్ళి ఫోనులో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడి బయటికి వచ్చాడు. నేను లేచి కాగితం చాచాను. తీసుకున్నాడు, చదవలేదు, పిలగాడు టీ తెస్తే కాగితాన్ని ఆ గ్లాసు కింద పెట్టాడు. "మాకు కావలసిన బ్యాటరీ ఇబ్రహీంపట్నం దగ్గర దొరికిందిలెండి. మనుషులు కూడా దొరికారు. మీరు వెళ్ళొచ్చు. ఆ అటెండర్ని కూడా తీసుకెళ్ళండి, మీ డబ్బా మాకెందుకు." నా సంతకం మీద టీ గుండ్రంగా మరకై పాకింది. ఇంతేనా? క్షమించండి అనడం రాదని తెలుసు, పొరపాటు అనే మాట అయినా ఈ శాఖలో నేర్పరా? అడుగుదామని నోరు తెరిచేలోగా ఎల్లేశం వచ్చాడు. గోడ పట్టుకుని వచ్చాడు. ఎడమ కాలు నేలకు ఆనించడం లేదు. "నాకేం గాలే మేడం," అన్నాడు నేను అడక్కముందే, "జాడీ ఏది?"

రాజనర్సు వెనక నుంచి జాడీ తెస్తున్నాడు, రెండు చేతులతో, ముఖం వెలిగిపోతూ. జాడీ కడిగిన అద్దంలా ఉంది. ఖాళీగా ఉంది. అడుగున జాలీముక్క తెల్లగా, కొత్త వెండి పట్టీలా తళతళలాడుతోంది. నాకు మొదట అర్థం కాలేదు, ఇది నాది కాదు, నాది నల్లగా ఉంటుంది అనబోయాను. "సూడు బిడ్డా, ఎట్లున్నదో! గా మంట నీళ్ళు ఎవ్వలికన్న తాకుతయని పారబోసిన. గంజి మాడితే మా అవ్వ గూడ గిట్లనే తోమేది. అబ్బో, బలె మొండి గంజి బిడ్డా! చింతపండు పెట్టిన, ఇటుక పొడేసిన, పీచుతోని గంటసేపు గుంజి గుంజి తోమితే గాని ఇడువలే." అరచేతులు చాచి చూపించాడు. వేళ్ళ కొనలు ఎర్రగా, చర్మం లేచి ఉన్నాయి. ఈ ఠాణాలో నాకు మంచి చేయాలనుకున్న ఒకే ఒక్క మనిషి. ఒంపొద్దని నేను చెప్పలేదు. మాడిన గంజి అని చెప్పింది నేనే. నేత ఇంట్లో పుట్టినవాడికి మాడిన గంజిని ఏం చేయాలో ఇంకెవరైనా చెప్పాలా? ఈయన్ని ఎలా తిట్టను? తిట్టవలసినవాడు లోపల టీ తాగుతున్నాడు, వాడికి తాను ఏం చేశాడో జన్మలో తెలియదు. "చల్లటి నీళ్ళల్ల పెట్టున్రి చేతులు, చానసేపు పెట్టున్రి" అన్నాను రాజనర్సుతో. ఎల్లేశం జాడీలోకి చూసి, నా వైపు చూసి, మెట్ల మీద కూలబడ్డాడు. పొద్దటి నుంచి ఎన్ని దెబ్బలు తిన్నాడో, ఏడవనివాడు, అప్పుడు ఏడ్చాడు.

రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డాం. ఎండ. ఎల్లేశం నా భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, ఇన్నేళ్ళలో ఎప్పుడూ నా నీడ కూడా తొక్కనివాడు. నోటుబుక్కు తిరిగి ఇచ్చారు, అందులో వాళ్ళకు పనికొచ్చేది ఏమీ లేదట. అక్కడే, జాడీ చంకలో పెట్టుకుని, పన్నెండో వరస తెరిచాను. "ఎన్నొద్దులని రాస్తరు మేడం?" అన్నాడు ఎల్లేశం. మొదటి గడిలో రెండువందల ఎనభై ఏడు వేశాను. రెండో గడి. పైన పదకొండు వరసల్లోనూ ఒకటే మాట, పూత రాలింది, పూత రాలింది. ఆ ప్రొఫెసర్‌కు కావలసింది ఆ మాటే. ఆదివారం అమ్మ అడుగుతుంది, నా ముఖం కనిపించకపోయినా నా వైపు తిరిగి అడుగుతుంది. పెన్ను గట్టిగా నొక్కి, కింది కాగితం మీద కూడా అచ్చు పడేలా రాశాను: పూత రాలలేదు. చింతపండు పెట్టి, ఇటుక పొడి వేసి, ఠాణాలో గంటసేపు తోమితే గాని పోలేదు.